ఉత్త చేత్తో విత్తిన చేను

మా ఊళ్లో ఎవరు పత్తి గింజ పెట్టాలన్నా ముందు మా బాపును అడిగేవాళ్లు. చేవెళ్లలో విత్తనాల సంచి కొనుక్కొని, ఇంటికి పోకుండా తిన్నగా మా అరుగు మీద కూర్చునేవాళ్లు. బాపు బీడీ సగం కాలేదాకా నోరు విప్పడు. విప్పినా నేరుగా చెప్పడు. "ఫోన్‌ల వానొస్తదని చూపెడుతున్నదంటివి గద, గా ఫోన్‌నే అడుగు పో" అని ముందు నాలుగు అంటిస్తాడు. వాళ్లు తల దించుకున్నాక అప్పుడు సలహా.

"రోహిణిల తొందరపడకు. మృగశిరల ఒక్క జల్లుకు ఉరకకు. జానెడు లోతు తవ్వి చూడు, మట్టి పిసికితే ముద్ద కావాలె. పై తడికి పెడితే గింజ ఉబ్బుతది, కింద సెగకు మాడుతది."

ఆయన చెప్పింది ఎన్నడూ తప్పలేదు. అదే మా ఖర్మ.

ఊరందరికీ చెప్పే మనిషి సొంత తమ్ముడికి మాత్రం చెప్పడు. మా చిన్నాయన చేను మా చేనుకు ఆనుకునే ఉండేది, నడుమ గెట్టు. ఆ గెట్టు మీది తుమ్మచెట్టును చిన్నాయన అడగకుండా కొట్టించాడు. ముళ్ల చెట్టు, దాని మొహం! దానికోసం తోడబుట్టినవాడితో మాటలు బంద్ చేశాడు మా బాపు. అన్న మాట్లాడకపోతేనేం, కళ్లు లేవా అనుకున్నాడు చిన్నాయన. గెట్టు అవతల నిలబడి చూసేవాడు. మేం గుంటుక తోలిన రోజే తోలేవాడు, మేం గింజ పెట్టిన రోజే పెట్టేవాడు. పంటలూ బాగానే వచ్చాయి. బాపుకు అది కంట్లో నలుసు.

ఇంతలో మొయినాబాద్ నుంచి వెంచర్ వాళ్లు చిన్నాయన చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. చిన్నమ్మ బోరు దగ్గర మా అవ్వతో, అంటే మా అమ్మతో, చెప్పుకొని ఏడ్చింది. "ఈ ఒక్క పంట చేతికొస్తే భూమి అమ్మనన్నడక్కా. రాకుంటే ఇగ నా మాట ఇనడు." అవ్వ కడుపులో మాట దాగదు. రాత్రి ఇంట్లో చెప్పేసింది. బాపు అన్నం కలుపుతూ విన్నాడు.

మృగశిర పెట్టగానే ఒక జల్లు పడింది. మట్టి వాసన వచ్చింది గానీ నేల రెండు వేళ్ల లోతు కూడా తడవలేదు. తెల్లారి బాపు, అవ్వ చేనుకు పోయారు. నేను చాయ్ పట్టుకొని వెనక పోయాను. అవ్వ సాలు వెంట వంగుతున్నది, లేస్తున్నది, మళ్లీ వంగుతున్నది. ఒడి నిండుగా కనిపించింది. దగ్గరికి పోయి చూస్తే ఒడిలో పాత చీర కుక్కి ఉన్నది. చేతిలో ఒక్క గింజ లేదు.

"ఇదేందవ్వా?"

"మీ బాపునడుగు." తల ఎత్తలేదు.

బాపు చాయ్ అందుకొని గెట్టు వైపు గడ్డం ఆడించాడు. "సూసి నేర్సుకుంటడు గద. నేర్సుకోని."

అవతల చిన్నాయన అప్పటికే విత్తనాల సంచి కోసం ఇంటికి ఉరుకుతున్నాడు. నేను అటు కదిలితే బాపు అడ్డం నిలబడ్డాడు. "గెట్టు దాటితే మళ్ల నా ఇంట్లకు రాకు." ఆయన అన్నంత పనీ చేసే మనిషి. పగవాడికి కూడా వద్దు అలాంటి తండ్రి.

తర్వాత ఆకాశం మొహం చాటేసింది. చిన్నాయన చేనులో ఇక్కడొక మొలక, అక్కడొక మొలక, మిగిలిందంతా నల్లమట్టే. ఆరుద్ర కార్తెలో వాన దంచికొట్టింది. బాపు అప్పుడు అసలు గింజ పెట్టాడు. చిన్నాయన చూస్తూ నిలబడ్డాడు. రెండోసారి విత్తనం తెచ్చే తాహతు ఆయనకు లేదు. మా చేను పూతకు రాకముందే ఆయన చేను అమ్ముడుపోయింది. గెట్టు ఉన్నచోట ప్రహరీ గోడ లేచింది.

అదంతా జరిగి కొన్నేళ్లయింది. ఈ ఏడు పత్తి ఏరడానికి మనుషులు దొరకలేదు. అందరూ మోకిల దిక్కు బిల్డింగుల పనికి పోతున్నారు. అవ్వ పోయి చిన్నమ్మను కూలికి పిలుచుకొచ్చింది. పొద్దున్నే బాపు సాలు మొదట్లో నిలబడి, ఇన్నేళ్లకు ఆమెతో మొదటి మాట మాట్లాడాడు.

"మంచు ఆరినాక ఏరాలె. తడి పత్తి రంగు మారుతది. ఆకు ముక్క రావద్దు."

ఇప్పుడు కూలిమనిషి కదా, సలహా ఉత్తపుణ్యానికే వస్తున్నది. నాకు ఒళ్లు మండిపోయింది.

చిన్నమ్మ ఒడి కట్టుకుంటూ తల ఊపింది. "సరే బావ. నువ్వు చెప్పినంక తిరుగేమున్నది. ఆ ఒక్క ఏడే ఎట్లనో నీ గింజ గూడ మాడిపాయె. మీ తమ్ముడు ఇప్పటికీ అంటడు, మా అన్నంతటోడే మోసపోయిండు, నేనెంత అని. మీరన్నా మళ్ల పెట్టుకుంటిరి. పోనీ, మీ చేనన్నా నిలిచింది."

అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని పక్క సాలులోకి పోయింది. నేను బాపు మొహమే చూస్తున్నాను. ఒక్కసారి రెప్ప వాలినా చాలనుకున్నాను.

"మాటలు సాలు," అన్నాడు బాపు. "మంచు ఆరింది, ఇగ ఏరు."

చిన్నమ్మ వంగింది.