మీటరు పెట్టని బ్లోయర్

మా అక్క భర్త దుబాయ్‌లో ఒక గ్యారేజీలో పనిచేసేవాడు. ఒకసారి సెలవుకు వస్తూ దుప్పట్లో చుట్టి పాత సూపర్‌చార్జర్ తెచ్చాడు. ఇంజన్ బెల్టుతో తిరుగుతూ లోపలికి గాలిని బలవంతంగా తోసే యంత్రం అది. మేం బ్లోయర్ అంటాం. దాన్ని తన పాత పెట్రోల్ కారుకు బిగించమని కరీంనగర్‌లోని నా షెడ్డుకు వచ్చాడు.

బిగించడం కష్టం కాలేదు. కానీ పెడల్ కాస్త నొక్కితే ఏమీ ఉండేది కాదు, ఇంకాస్త నొక్కగానే గాలంతా ఒక్కసారి వచ్చి కారు దుమికేది. ఎక్కువైన గాలిని వెనక్కి మళ్లించే చిన్న తలుపొకటి అందులో ఉంటుంది. అది మెల్లగా మూసుకుంటే బలం మెల్లగా పెరుగుతుంది. మాది టప్పున మూసుకుంటోంది. దాని స్ప్రింగ్ మార్చాలి.

బావ గాలి ఒత్తిడి చూపే మీటరు కూడా తెచ్చాడు. "గిది పెట్టి సూడు బామ్మర్దీ. అక్కడ ఇది లేకుంట ఎవ్వడు ముట్టడు."

"ముల్లు సూస్కుంట నువ్వు కూసో బావా. నాకు చెవి చాలు."

"అబ్బో, చెవులల్ల మీటర్లు మొలిసినయా?"

నేను నవ్వులాటకు అనలేదు. మా బాపు సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసేవాడు. షెడ్డంతా దడదడలాడుతుంటే ఏ మగ్గం తప్పుతోందో గుమ్మంలో నిలబడి చెప్పేవాడు. ఆ చెవే నాకు వచ్చిందని నలుగురూ అంటే నమ్మాను. మగ్గం తప్పితే గుడ్డ చెడుతుంది, అంతే. ఆ తేడా నాకు తట్టలేదు.

మెత్తటి స్ప్రింగ్ వేశాను. పొద్దున్నే, చల్లటి ఇంజన్‌తో, ఒక్కడినే రెండుసార్లు తిప్పి చూశాను. బ్లోయర్ ఈల ఎక్కడా తెగలేదు. "అయిపోయింది బావా, తీస్కపో" అన్నాను.

రెండు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం, వెనక సీటు నిండా సామానుతో, శ్రీరాంపూర్‌లోని తన అన్న ఇంటికి బయల్దేరాడు. దారిలో బొగ్గు లారీని దాటబోయి పెడల్ నొక్కాడు. బలం రాలేదు. ఇంకా నొక్కాడు. కారు ఎగిరి లారీ వెనక భాగంలోకి దూరింది. కుడి మోకాలు నుజ్జయింది.

మంచిర్యాల ఆసుపత్రికి వెళ్లే ముందు కారు బానెట్ తెరిచి చూశాను. వేడికి బ్లోయర్‌లోని ఆ చిన్న తలుపు బిగుసుకుంది. నా స్ప్రింగ్‌కు దాన్ని మెల్లగా కదిలించే సత్తువ లేదు.

బావ మంచం మీద నుంచే అడిగాడు. "నిజం చెప్పు బామ్మర్దీ. నేనే ఎక్కువ తొక్కిన్నా, బండే దుంకిందా?"

అక్క పక్కనే ఉంది.

"నువ్వే తొక్కినవ్ బావా."

"గట్లనే అనుకున్న" అని కళ్లు మూసుకున్నాడు.

"చెప్తె ఇంటడా ఈయన? దుబాయ్ రోడ్లనుకున్నడు!" అంది అక్క.

మోకాలు మళ్లీ వంగలేదు. మళ్లీ దుబాయ్ వెళ్లబోతే మెడికల్ పరీక్షలో పనికిరాడని తీసేశారు. ఇప్పుడు హుజూరాబాద్‌లో ఒక టైర్ల దుకాణంలో స్టూలు మీద కూర్చుంటాడు. కాలి సంగతి ఎవరడిగినా, "తప్పు నాదే, మా బామ్మర్ది పని మాత్రం పక్కా" అంటాడు. బండ్లు నా దగ్గరికి పంపిస్తాడు. నేను చేసిపెడతాను.

అక్క ఇప్పటికీ ఆయన్ని ఆ తొక్కుడు గురించే తిడుతుంది. ఇది అచ్చయితే ఆమె చదువుతుంది. ఆలోపే వెళ్లి నా నోటితో చెప్పాలి. మొన్న ఆదివారం అందుకే వెళ్లాను. అన్నం పెట్టింది. తిని వచ్చాను.