సంగటి ముద్దతో కొలిచిన మేస్త్రీ

ఆదివారం పొద్దున ఏడు గంటలకు ఫోన్ మోగింది. చూస్తే మేస్త్రీ నంబరు. బస్సెక్కి ఉంటాడనుకుని, ఎత్తీ ఎత్తగానే "యాడుండారు మేస్త్రీ, కాఫీ పెట్టించేదా?" అన్నాను. అవతల ఆడగొంతు.

"నేను మేస్త్రీ కూతుర్నన్నా, కుప్పం నుంచి. నాయన పోయినాడు. తెల్లార్తో లేపితే లెయ్యలా."

ఆ మాట అర్థమయ్యాక కూడా నేను "అయితే ఈ పొద్దు రాడామ్మా?" అని అడిగాను. అలా ఎందుకడిగానో ఇప్పటికీ తెలియదు. ముందురోజు సాయంత్రం నాతో మాట్లాడిన మనిషి. ఆ అమ్మాయి ఏడుస్తూనే "రాడన్నా" అంది.

మేస్త్రీ మీలో చాలామందికి తెలియకపోవచ్చు. మదనపల్లెలో చిన్న షెడ్డు ఆయనది. బస్సుల బంపర్లు, నీళ్ల ట్యాంకుల మూతలు ఫైబర్‌తో చేసేవాడు. నేను పుంగనూరులో బ్యాంకు గుమాస్తాను. విడిభాగాలుగా అమ్మే కారొకటి తెచ్చి ఇంటి వెనక నేనే బిగించుకుంటున్నాను. రోడ్డెక్కించడానికి కాదు, మా మామిడితోటలో తిప్పుకోవడానికి. బండి మీంచి పడినప్పటి నుంచి నా కుడి మోకాలు సరిగా మడవదు. మామూలు కారు నడపడం మానేసి నాలుగేళ్లు. ఇదొక్కటైనా నా కాలికి సరిపోయేలా కట్టుకోవాలని నా మొండిపట్టు.

అంతా కుదిరింది గానీ స్టీరింగ్ కడ్డీని కప్పే ఫైబర్ కవరు దగ్గర పని ఆగిపోయింది. పైన ఒక చిప్ప, కింద ఒక చిప్ప, రెండూ స్క్రూలతో కలుస్తాయి. బ్రేకు మీదికి కాలు తెచ్చిన ప్రతిసారీ కింద చిప్ప నా మోకాలిని పొడిచేది. మేస్త్రీ వచ్చి చూసి, "కాలును కొయ్యలేం గదప్పా, కవరునే కోద్దాం" అన్నాడు. ఆ కాలు గురించి నాతో నవ్వుతూ మాట్లాడిన మొదటి మనిషి ఆయనే. మిగతావాళ్లంతా అయ్యో అనేవాళ్లు.

ప్రతి ఆదివారం వచ్చేవాడు. ముందు నన్ను సీట్లో కూర్చోబెట్టేవాడు. "చెప్పులేసుకోని కూసో. ఉత్త కాళ్లతో నడపవు గదా." నేను కళ్లు మూసుకుని స్టీరింగ్ తిప్పుతూ బ్రేకు తొక్కుతుంటే, కింద గొంతుక్కూర్చుని నా మోకాలినే చూసేవాడు. తర్వాత క్యారియర్ విప్పి, తాను తినడానికి తెచ్చుకున్న రాగిసంగటిలోంచి ఒక ముద్ద తీసేవాడు. కవరు లోపల బొటనవేలితో అదిమి, చిప్పలు రెండూ బిగించి, నన్ను స్టీరింగ్ తిప్పమని, మళ్లీ విప్పేవాడు. సంగటి ఎంత మందాన అణిగిందో అదే లోపలి సందు. నేను ముచ్చటపడి కొన్న కొలత పరికరాలను పక్కకు నెట్టేసేవాడు.

"టేపు లోపలికి దూరదప్పా. సంగటి దూరతాది. యాడ తగుల్తాండాదో అదే చెప్తాది."

అలా ప్రతి వారం ఆయన తిండిలో కొంత నా కారుకు పోయేది. మా ఆవిడ అన్నం పెడతానంటే "ఈ మిగిలింది సాలు తల్లీ" అనేవాడు, పెడితే మాత్రం రెండోసారి అడిగి మరీ తినేవాడు.

కిందటి ఆదివారం ఎక్కడ కోయాలో తేలిపోయింది. "స్క్రూ బొక్క కాడ పల్సగా ఉండాది. నా సన్న బ్లేడు తెచ్చి నేనే కోస్తా. నువ్వు ముట్టుకోవద్దు" అని గట్టిగా చెప్పి, కుప్పంలో కూతురింటికి వెళ్లాడు. నాకు ఓపిక ఎక్కడిది? శనివారం మధ్యాహ్నం హాక్సా బ్లేడు పట్టుకుని మొదలెట్టాను. రెండు వేళ్ల మేర తెగిందో లేదో, స్క్రూ బొక్క దగ్గర టప్పున పగిలింది.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. "కవరు ముట్టుకోలా గదా?"

"లేదు మేస్త్రీ."

"సరేలేప్పా. పొద్దున్నే వస్తాండాను" అని పెట్టేశాడు. ఎదురుగా కూర్చుని చెప్పేద్దాం, తిడితే పడదాం అనుకున్నాను. ఆయనతో నేను ఆడిన చివరి మాట అబద్ధం.

కుప్పంలో ఆయన్ని చూశాను. గోళ్ల సందుల్లో ఫైబర్‌ను అతికించే రెసిన్ అలాగే ఉంది. ఏడుపు రాలేదు. లేచి కూర్చుని నన్ను తిడతాడేమోనని చూస్తూ నిలబడ్డాను. అంతా అయిపోయాక ఆయన కూతురు ఒక గుడ్డసంచి తెచ్చి నా చేతికిచ్చింది. లోపల సన్న బ్లేడు, మడిచిన ఫైబర్ పీచు మ్యాట్, మూత తియ్యని రెసిన్ డబ్బా.

"నీతో ఫోన్ మాట్లాడి, బిరబిరా అంగడికి పోయి ఈ డబ్బా కొనుక్కోనొచ్చినాడన్నా. యాల నాయనా, కోసే పనే గదా అంటే, 'ఆ యప్ప కోసేసినాడులేమ్మా, గొంతులోనే తెలస్తాండాది. అతికించాల' అని నవ్వినాడు."

అరుగు మీద కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో ఆ అమ్మాయికే తెలియాలి.

ఇంటికొచ్చి చిప్పను తిరగేసి చూశాను. కోసేటప్పుడు బయటివైపే చూశాను గానీ లోపలికి చూడలేదు. సరిగ్గా పగులు మీద, ఆయన కిందటి ఆదివారం అదిమిన సంగటి ఎండి కరుచుకుని ఉంది. మధ్యలో బొటనవేలి గుంట. మ్యాట్ అతికించాలంటే ముందు ఆ సంగటిని గీకెయ్యాలి.

సన్న బ్లేడు మూడుసార్లు చేతిలోకి తీసుకున్నాను. మూడుసార్లూ కింద పెట్టి, ఆ గుంటలో నా వేలు ఉంచి చూసుకున్నాను. ఆయన వేలు వెడల్పు. నా వేలికి చుట్టూ ఇంకా చోటు మిగిలే ఉంది.