నేనే ఆపానండి

రేపల్లె దాటి నిజాంపట్నం వెళ్ళే రోడ్డు పక్కనున్న రొయ్యల కంపెనీలో, షెడ్డు ఇన్‌చార్జి కుర్చీలో మొదటిసారి ఒక ఆడపిల్ల కూర్చున్నది 2005లో. పేరు స్నేహలత. వేమూరు లూథరన్ బడి పంతులు డేనియల్ గారి కూతురు. బాపట్లలో బీఎస్సీ చదివి, అదే కంపెనీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగంలో చేరి, కష్టపడి ఆ కుర్చీ దాకా వచ్చింది. ఆమెకు ముందున్న ప్రకాశరావు మెడలో ఈల వేసుకుని తిరిగేవాడు. స్నేహలత ఈల ముట్టుకోలేదు. నోరారా వరస పెట్టి పిలిస్తే ఎవరైనా మనవాళ్ళవుతారని ఆమె లెక్క.

ఆ లెక్క ఊరివాళ్ళ దగ్గర బాగానే కుదిరింది. "పిన్నీ" అనగానే రొయ్యలు వలిచే సుందరమ్మ మురిసిపోయి, "మా పిల్ల పెద్ద సీటెక్కిందే!" అని షెడ్డంతా చెప్పుకుంది. కానీ వలిచేవాళ్ళలో సగం మంది పై రాష్ట్రాలవాళ్ళు. కేరళ నుంచి వచ్చిన అమ్మాయిలకు పెద్దది లిస్సీ. వచ్చి చాలా ఏళ్ళయింది కాబట్టి తెలుగు బాగానే మాట్లాడుతుంది. ఆమెను "అక్కా" అని పిలిస్తే మొహం ముడుచుకుంది.

"అక్కా అన్నవాళ్ళే మాకు ఆదివారం పని చెప్తారు మేడమ్. పేరు పెట్టి పిలవండి, టైముకి వదలండి. చాలు."

స్నేహలతకు చివుక్కుమంది. అయినా ఆ శనివారం బుట్టల్లో సరుకు మిగిలి ఉన్నా గంట కొట్టగానే అందరినీ పంపేసింది.

ఒరిస్సా పిల్లలది ఇంకో తీరు. కాంట్రాక్టరు తెచ్చి దించిన ఆడపిల్లలు. ఏం చెప్పినా నవ్వుతూ తలూపేవాళ్ళు. అది గౌరవమనుకుంది స్నేహలత. ఒకరోజు బసంతి అనే పిల్ల గ్లవుజు తీస్తూ చెయ్యి వెనక్కి దాచుకోవడం కంటపడింది. పట్టుకుని చూస్తే అరచేతి తోలు ఊడి ఎర్రగా ఉంది.

"ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే ఇంటికి పంపేస్తారు, దీదీ."

ఇన్నాళ్ళూ ఆ తలూపులన్నీ భయమేనని అప్పుడు తెలిసింది ఆమెకు. పక్కనే ఉన్న, చేతులూ సరుకూ కడిగే క్లోరిన్ నీళ్ళ తొట్టిలో తన చెయ్యి ముంచింది. భగ్గున మండింది. తనిఖీకి ఎవరో విదేశీయులు వస్తున్నారని, క్లోరిన్ మందు గట్టిగా వెయ్యమని అంతకుముందే ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆ మాట విని ఎక్కువ కలిపింది లిస్సీ. తొట్టి పక్కన పాలిపోయిన ఆమె మొహం చూస్తే చాలు, అడగక్కర్లేదు.

స్నేహలత వలిచే లైను ఆపేసింది. గేటు దగ్గర సరుకు కోసం కంటెయినర్ లారీ ఎదురుచూస్తోంది. ఓనరు గారు పరుగున వచ్చారు.

"ఎవరాపారు?"

"నేనే ఆపానండి. మందు మోతాదు మించింది, పిల్లల చేతులు కాలుతున్నాయి."

"కలిపిందెవరు? పేరు చెప్పు, ఇవాళే రైలెక్కిద్దాం."

లిస్సీ తల వంచుకుంది.

"షెడ్డు నాదండి. లోపల ఏం జరిగినా నా పేరే రాసుకోండి."

"కంటెయినర్ పోతే?"

"పోతే నన్ను పంపెయ్యండి సార్. కాలిన చేతులతో మాత్రం వలిపించను."

ఆయన తొట్టిలో వేలు పెట్టి చప్పున వెనక్కి లాక్కున్నారు. డ్రైవర్ని ఆగమని చెప్పడానికి వెళ్ళిపోయారు. తొట్టి కడిగి, నీళ్ళు మార్చి, బసంతికి కట్టు కట్టించాకే లైను మళ్ళీ నడిచింది.

మర్నాడు గంట కొట్టినా లిస్సీ కదల్లేదు. "మిగిలింది నేను చూసుకుంటానండి" అంది. "మీరు ఉండమని అడగలేదుగా, అందుకే."

ఆ వారమే బసంతి మొదటిసారి తల అడ్డంగా ఊపింది. "అర్థం కాలేదు దీదీ, మళ్ళీ చెప్పండి." స్నేహలతకు ప్రమోషన్ వచ్చిన రోజున కూడా అంత సంతోషం కలగలేదు.

2009 అక్టోబరులో కృష్ణకు వరద వచ్చింది. గట్టు నిలవదేమోనని ఊళ్ళో కలకలం. కాంట్రాక్టరు ఫోను చేసి, తను వచ్చేదాకా కంపెనీ హాస్టలు వదలొద్దని, సామాన్లు చూసుకోమని తను తెచ్చిన ఒరిస్సా పిల్లలకు చెప్పాడు. స్నేహలత కంపెనీ లారీ తోలే యాకూబ్ అన్నను వెంటబెట్టుకుని హాస్టలు గుమ్మంలోకి వచ్చింది.

"పెట్టెలు వదిలెయ్యండి. తెనాలి పోదాం."

ఎందుకని ఒక్కరూ అడగలేదు. బసంతి తన భాషలో ఏదో అరిచింది. ఒరిస్సా పిల్లలంతా ఉత్త చేతులతో లారీ ఎక్కేశారు. లిస్సీ గదులన్నీ తిరిగి, ఎవరూ మిగల్లేదని చూసుకుని ఆఖరున ఎక్కింది. "మా ఇంటి ఆడవాళ్ళే నా మాట ఇంత తొందరగా వినరమ్మా!" అన్నాడు యాకూబ్, స్టీరింగు తిప్పుతూ. ఆ సాయంత్రానికే హాస్టల్లోకి నీళ్ళొచ్చాయి.

తెనాలిలో డేనియల్ గారికి తెలిసిన చర్చి హాలులో వాళ్ళంతా తలదాచుకున్నారు. నీళ్ళు తీశాక కాంట్రాక్టరు బస్సు తెచ్చి, ఇంకో జిల్లాలో పని ఉందని, అందరూ ఎక్కమని కేకేశాడు. బసంతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మేం రేపల్లె పోతామండి," అంది తెలుగులో, "మా మేడమ్‌తో."

లోపల ఇడ్లీల్లోకి సాంబారు వడ్డిస్తున్న స్నేహలతకు ఆ మాట వినబడింది. గరిటె ఆగింది. పక్కనున్న తండ్రి ఆమె చేతిలోని గరిటె తీసుకుని, "నువ్వెళ్ళమ్మా, నీవాళ్ళు పిలుస్తున్నారు" అన్నాడు. ఆమె తలెత్తుకుని గుమ్మంలోకి నడిచింది.