డిక్కీ మాస్టారు

కార్ల షోరూములో ఆయన్ని అందరూ డిక్కీ మాస్టారు అనే పిలుస్తారు. ఇరవై ఏళ్లుగా ఒకే రకం చిన్న సెడాను అమ్ముతున్నాడు. ఎవరొచ్చినా ముందు డిక్కీ తెరిచి, "మీ ఇంట్లో అన్నిటికంటే పెద్ద సామాను ఏదండీ?" అని అడుగుతాడు. ఆ తర్వాతే మిగతా కబుర్లు.

ఈ ఏడాది కంపెనీవాళ్లు ఆ కారుకి మొహం మార్చారు. కొత్త దీపాలు, ముందు కొత్త జాలీ, లోపల పళ్లెమంత తెర. పైన పటారం లోన లొటారం అనుకునేరు, ఇంజను పాతదైనా గట్టిదే. "ఇప్పుడు నోటితో చెబితే డిక్కీ తెరుచుకుంటుంది. చేత్తో ముట్టుకోకండి," అన్నాడు మేనేజరు. "ఈ వారం ఒక్కటైనా ఇలా అమ్మకపోతే మిమ్మల్ని స్పేర్ పార్టుల గదికి పంపాల్సొస్తుంది మాస్టారూ." ఆ గదికి కిటికీ కూడా లేదు. నలుగురితో మాట్లాడకపోతే మాస్టారుకి పొద్దు గడవదు. భార్య ఆయన జుట్టుకి రంగు వేసి, "మీకూ మొహం మార్చాను, వెళ్లిరండి," అని పంపింది.

వారం చివర్లో ఒక అత్తాకోడళ్లు వచ్చారు. అత్తగారిది వాకర్ నడక. దాని మడత ఎప్పుడో బిగుసుకుపోయి, ఇప్పుడు మడవడానికి రాదు.

మాస్టారు తెర ముందు గొంతు సవరించుకున్నాడు. "డిక్కీ తెరువు" అంటేనే కారు వింటుంది. ఆడగొంతుతో మాట్లాడే కారుని "నువ్వు" అనడానికి ఆయనకి నోరు రాలేదు.

"అమ్మా, కాస్త డిక్కీ తెరవండి."

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి," అంది కారు.

"దయచేసి తెరవండమ్మా."

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

అద్దాల గదిలో మేనేజరు తల పట్టుకున్నాడు. అత్తగారు మాత్రం ఆ మాట తనకే అనుకుంది. "ఈమాత్రానికి బతిమాలాలా నాయనా," అంటూ వాకర్ టకటకలాడించుకుంటూ వెనక్కి వెళ్లి, మీట నొక్కి డిక్కీ తెరిచింది. తెరిచిన మనిషి ఊరుకుంటుందా, కోడలి చేత వాకర్ ఎత్తించి లోపల పెట్టించింది. నిక్షేపంగా పట్టింది. మొహం మార్చినవాళ్లు డిక్కీ జోలికి పోలేదు. మాస్టారుకి ప్రాణం లేచొచ్చింది.

"నాలుగు షోరూములు తిరిగాం. తెర చూడండి, దీపాలు చూడండి అన్నారేగానీ, మా అత్తయ్యని డిక్కీ తెరవమన్నవాళ్లు లేరండీ," అంది కోడలు నవ్వుతూ.

"ఇదే తీసుకుందాం," అంది అత్తగారు, డిక్కీ అంచు పట్టుకుని.

"అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి," అంది కారు.

కారు ఆ మాట అనడం మాస్టారుకి నచ్చింది ఇదే మొదటిసారి. అద్దాల గదివైపు తిరిగి, మేనేజరుకి వినబడేలా, "మళ్లీ చెప్పండమ్మా," అన్నాడు.