నీళ్లు చూసేవాడు చెప్పిన ఆట

“కత చెప్పేటోడే అబద్ధం చెప్తే ఆడేటోడు ఏం జేయల్లప్పా?” అంటూ ఓబులేసు కీబోర్డును ముందుకు తోశాడు.

“అదే కదా పెద్దాయనా ఆట. వాని మాటల్లో తేడా నువ్వే కనిపెట్టల్ల,” అన్నాడు శివప్రసాద్. మైదుకూరులో నెట్ సెంటర్ నడుపుతూ ఆ కంప్యూటర్ ఆటను అతనే రాశాడు. అందులో బొమ్మలుండవు, అన్నీ తెలుగు అక్షరాలే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని పొలాల్లో భూమి లోపలి నీళ్ల జాడ చూసేవాడొకడు కథ చెబుతుంటాడు. బోరు ఎక్కడ వేయాలో ఆడేవాడు ఎంచుకోవాలి. కుర్రాళ్లు రెండో బోరుకే వాడి అబద్ధం పట్టేసి నవ్వుకుంటూ పోయేవారు. ఓబులేసు మాత్రం పది రోజులుగా వస్తున్నాడు. తువ్వాలుతో వేళ్లు తుడుచుకుని, ఒంటివేలితో ఒక్కో బటన్ నొక్కుతూ, ప్రతి వాక్యాన్నీ పైకి చదివి, వాడు చూపిన చోటే బోరు వేస్తాడు. ప్రతిసారీ దుమ్మే లేస్తుంది.

శివప్రసాద్‌కు ఒళ్లు మండింది. “ఇన్నితూర్లు మోసపోయినా వాన్నే నమ్ముతాండావే, బుద్ధి యాడ పెట్టుకున్యావు పెద్దాయనా?”

“నా సేన్లో నాలుగు బోర్లు ఎండినాయి. రేపు ఐదోదానికి బోరుబండి వస్తాది. ఆ పాయింటు చూపిచ్చింది ఇట్లాంటోడే. వాన్ని నమ్మకుంటే ఇంగెవర్ని అడగల్ల, నిన్నా?” ఓబులేసు తెరమీది అక్షరాల వైపు వేలు చూపించాడు. “వాడు దొంగని నువ్వు రాసినావు. నాకట్ల కనపడల్యా. తెలీదని చెప్పనీకి నోరు రాక ఏదో ఒక చోటు చూపిస్తాండాడు.”

రాసేటప్పుడు శివప్రసాద్‌కు ఆ ఆలోచనే రాలేదు. ఓబులేసు లేచి తువ్వాలు భుజాన వేసుకుని గడప దగ్గర ఆగాడు.

“ఆటలో ఒక్కతూరి వానితో ‘నాకు తెలీదు’ అనిపియ్యప్పా. బండి వచ్చేలోగా వచ్చి చదువుకోని పోతా.”