కొలత మధ్యలో వచ్చిన మాట

1936. బనగానపల్లెకు రెండు క్రోసుల దూరంలో ఒక మిషన్ బడి. చర్చి వెనక వసారాలో ఇన్‌ఫాంట్ క్లాసు, అంటే ఇంకా అక్షరాలు రాని పిల్లల తరగతి, నాది. కడపలో ట్రైనింగ్ ముగించి అప్పుడే వచ్చాను. అన్నీ తెలుసనే పొగరు, దానికి తోడు ముక్కు మీద కోపం.

ఒకరోజు మద్దిలేటి తన ఏడేళ్ల కూతురు సుంకులమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. రైతుల కళ్లాల్లో జొన్నలు కొలిచి బతికే మనిషి.

"టీచరమ్మా, ఈ బిడ్డ సొంతంగా మాట్లాడదు. మనం ఏమంటే అదే తిరిగంటాది. ఆకలైనా అడగదు, ఏడుస్తాది. మా అమ్మ వాత పెట్టించమంటాండాది. అమావాస్య దాకా సూస్తానని చెప్పినా."

వాత అంటే కాల్చిన ఇనుప కడ్డీతో గొంతు కింద చురక పెట్టడం. పిల్లలకు ఏ జబ్బు చేసినా అప్పట్లో అదే వైద్యం. అమావాస్యకు ఇంకా పన్నెండు రోజులుంది.

"నీ పేరేమి?" అన్నాను ఆ పిల్లతో.

"నీ పేరేమి?" అంది అచ్చం నా గొంతుతోనే, గోడవైపు చూస్తూ. పిల్లలంతా పకపకా నవ్వారు. నన్ను వెక్కిరిస్తోందనుకుని స్కేలుతో అరచేతి మీద ఒకటి వేశాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను, ఆ దెబ్బ ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ట్రైనింగ్‌లో ఆబ్జెక్ట్ లెసన్ అని నేర్పారు. వస్తువు చేతికిచ్చి పేరు చెప్పించడమన్నమాట. మామిడికాయ, పలక, చెంబు అన్నీ అయ్యాయి. నేను 'చెంబు' అంటే 'చెంబు' అనేది. దాహమేస్తే మాత్రం ఆ చెంబు దగ్గరే నిలబడి ఏడ్చేది.

వారం గడిచింది. ఒక మధ్యాహ్నం చూస్తే బడి ముందర పగిలిన ముంతతో ఇసుక కొలిచి కుప్ప పోస్తోంది. పెదవులు కదులుతున్నాయి. ఇదేదో బాగుందే అని పక్కన చతికిలబడి, నేనూ ఒక ముంతెడు పోసి "ఒకటి" అన్నాను. చెవులు మూసుకుని కెవ్వుమంది. కుప్పంతా చెదరగొట్టింది. నేనూ తక్కువదాన్నా? మళ్లీ పోసి మళ్లీ "ఒకటి" అన్నాను. మళ్లీ కేక.

సాయంత్రం మద్దిలేటి రాగానే అతని మీద విసుక్కున్నాను. అతను నవ్వాడు.

"ఒకటి అంటే యాడ కుదురుతాదమ్మా! కళ్లంలో మొదటి కొలతను లాభం అనల్ల. ఈ బిడ్డ రోజూ నా పక్కనే కూసోని ఇంటాంటాది కదా."

ఛీ, నా చదువు! మా నాన్న కళ్లంలో నేను చిన్నప్పటి నుంచీ విన్నదే. చేతికి స్కేలు రాగానే మరిచిపోయాను.

మర్నాడు "లాభం" అని ఒక ముంతెడు పోసి ఊరుకున్నాను. నోరు మూసుకుని కూర్చోవడం నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్లను అడగాలి. చాలాసేపటికి ఆ పిల్ల ముంత నింపి "రెండు" అంది. నేను అనని మాట! దేవా, నీకు స్తోత్రం అనుకున్నాను. అలా రోజూ వంతులవారీగా కొలిచాం. అయితే అడగడం మాత్రం రాలేదు.

అమావాస్య దాటింది. మద్దిలేటి తలవంచుకుని వచ్చాడు.

"లెక్క చెప్తే సరిపోదంట టీచరమ్మా. నోరు తెరిచి ఒక్కటన్నా అడగల్లంట. మా అమ్మ బండి కట్టించింది. పోతాండాం."

"ఒక్కసారి నువ్వు కొలువప్పా," అని బతిమాలాను. "మధ్యలో ఆపేసి ఊరికే ఉండు. ఏమీ అడగొద్దు."

అతను కూర్చుని ముంత అందుకున్నాడు. "లాభం" అన్నాడు. "రెండు" అంది కూతురు. "మూడు" అన్నాడు. "నాలుగు" అంది. ఐదో ముంత నింపి అలాగే పట్టుకున్నాడు. సుంకులమ్మ ముంతను చూసింది, కుప్పను చూసింది. తండ్రి ముంజేయి పట్టుకుని కిందికి లాగింది.

"కొల్చు నాయనా."

మద్దిలేటి ముంత వదిలేసి తువ్వాలులో ముఖం దాచుకున్నాడు. ఆ పిల్ల అతన్ని పిలవడం అదే మొదలు. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు? బండి ఎద్దుల్ని విప్పేశారు. వాత తప్పింది.

తర్వాత నాలుగేళ్లు నా దగ్గరే ఉంది. నీళ్లు, అన్నం, నొప్పి, ఒక్కో మాట అడగడానికి నెలలు పట్టింది. గలగలా ఎప్పటికీ మాట్లాడలేదు, కావలసింది అడగడం మాత్రం వచ్చింది. డాక్టరు చదివిన నా మనవరాలు ఈమధ్య ఈ కథ విని, "ఆటిజం అయి ఉండొచ్చు అవ్వా" అంది. మాకు ఆ పేరు తెలియదు. ఊళ్లో వాళ్లకు తెలిసిన పేరు పిచ్చిది, అంతే.

బిడ్డ ఎక్కడ మొదలుపెడితే మనమూ అక్కడే మొదలుపెట్టాలి, ఆ తర్వాత ఆగాలి. ఈ ముక్క నాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. తండ్రీకూతుళ్లిద్దరూ నేర్పారు, వాళ్లకు నేను చేతులెత్తి దండం పెడతాను.

ఏటా పంట రాగానే మద్దిలేటి జొన్నలు తెచ్చేవాడు. మా గడపలో సుంకులమ్మే కొలిచేది. "లాభం" అని ఒక ముంత పోసి, నా వైపు చూస్తూ ఆగేది. నేను "రెండు" అనేదాకా, ఎంతసేపైనా, ఓపిగ్గా నాకోసం ఆగేది.