తీసివేతలక్కకు మిగిలిన మసక

ఆఫీసులో అందరూ ఆమెను తీసివేతలక్క అనేవారు. కూడికలు రాక కాదు, ఆమె ఉద్యోగమే తీసివేత. ఉన్న వెలుగును తుడిచెయ్యడానికి ఆమెకు జీతమిచ్చేవారు.

గెలాక్సీ నడుమ కూర్చున్న కృష్ణబిలం చుట్టుపక్కల వాయువును మింగుతుంటే పుట్టే వెలుగే క్వేజార్. ఎదురొచ్చే బండికి హెడ్‌లైటే తప్ప బండి కనపడనట్టు, ఆ వెలుగు ముందు గెలాక్సీ కనపడదు. పైగా ఎంతో దూరాన ఉన్న ఆ గెలాక్సీ నక్షత్రాల వెలుగు దారిలో రబ్బరులా సాగి సాగి, మన దగ్గరికొచ్చేసరికి కంటికి ఆనని పరారుణ కాంతి అవుతుంది. అందుకే అంతరిక్షంలోని పరారుణ టెలిస్కోపు తీసిన బొమ్మలు ఆమె కంప్యూటర్లోకి వచ్చేవి. అదే టెలిస్కోపుతో ఓ ఒంటి నక్షత్రాన్ని తీయించి, చుక్కంత వెలుగు ఆ అద్దాల్లో ఎలా చెదురుతుందో చూసి, క్వేజార్ బొమ్మలోంచి ఆ మేరకు తీసెయ్యాలి. మిగిలింది గెలాక్సీ.

ఓ క్వేజార్ దగ్గర ఆమె పంట పండింది. వెలుగు తీసెయ్యగానే రెండు చేతులు చాచినట్టు చక్కటి గెలాక్సీ తేలింది. విభాగం పెద్దాయన గంతేసినంత పని చేశాడు.

"ఇంకేం చూస్తావమ్మా, ప్రకటించేద్దాం."

"కొన్నాళ్లు ఆగండి సార్. మరీ అందంగా ఉంది."

"అందంగా ఉండటం కూడా తప్పేనా?"

"తప్పు కాదు సార్, అనుమానం."

ఆయన గొణుక్కుంటూ వెళ్లాడు. ఆమె గెలాక్సీని వదిలేసి నక్షత్రాన్ని పట్టుకుంది. గుచ్చిగుచ్చి చూస్తే అది ఒంటి నక్షత్రం కాదు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్న జంట. కొలబద్దే వంకర. ఆ చాచిన చేతులు తప్పుడు తీసివేత మిగిల్చిన మరకలు. టీ చల్లారిపోయేదాకా క్యాంటీన్లో కూర్చుని, తర్వాత పెద్దాయనకు చెప్పింది. ఆయన నుదురు రుద్దుకుని, "బతికించావు. ఇంకో నక్షత్రం వెతుకు" అన్నాడు.

ఈసారి మిగిలింది చూసి ఆమె ఉసూరుమంది. నడుమ వేలిముద్ర పడ్డట్టు చిన్న మసక, అంతే. కానీ ఏ నక్షత్రంతో తీసేసినా ఆ మసక పోలేదు, అదే అసలు గెలాక్సీ. దాని బరువు లెక్కగట్టి కృష్ణబిలంతో పోల్చాక ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. మన దగ్గరి గెలాక్సీల్లో కృష్ణబిలం గెలాక్సీ బరువులో సుమారు వెయ్యో వంతు ఉంటుంది. ఇక్కడ పదో వంతుకు దగ్గరగా ఉంది.

ఇంటికెళ్లి అత్తగారికి చెప్పింది. ఆవిడ బట్టలు మడతపెడుతూ వింది.

"అయితే పిట్ట కొంచెం, కూత ఘనం."

"అంతే అత్తయ్యా."

"మరి అంత చిన్న కొంపలో అంత పెద్దది ఎలా పెరిగిందే?"

"అదే తెలీదు. ముందు అది పుట్టి, ఇల్లు తర్వాత కట్టుకుందేమో."

"సరే, కనుక్కుని చెప్పు. నేనెక్కడికీ పోను."

ఆ మసక మీద ఆమె రాసిన వ్యాసం అచ్చయ్యాక టెలిస్కోపు సమయం ఇంకొంత దొరికింది. కొత్త క్వేజార్ బొమ్మ వచ్చిన రోజు పెద్దాయన కుర్చీ లాక్కుని ఆమె పక్కన చేరాడు.

"దీన్ని నేను చేస్తాను, చూపించు."

సాయంత్రందాకా కుస్తీ పట్టి, క్వేజార్‌తోపాటు గెలాక్సీని కూడా ఊడ్చిపెట్టేశాడు. తెర మీద నల్లటి గుంట మిగిలింది.

"ఫర్వాలేదు సార్, నా మొదటిదీ ఇలాగే పోయింది" అని నవ్వుతూ ఆమె మౌస్ అందుకుంది.